"హాలు ఉందా అంకుల్?" - బెంగుళూరులో ఇల్లు వెతకబోయే వాళ్ళకి

జాయినింగ్ లెటర్లు రావడం మొదలైన దగ్గర్నుంచి మన క్లబ్ గ్రూపులో కవితల కంటే ఎక్కువగా కనిపిస్తున్న లైను ఇది: "అన్నా, బెంగుళూరు వచ్చింది. ఎక్కడుంటే బెటర్?" కింద ఎవరో ఒకరు వెంటనే "మారతహళ్ళి బ్రో, అంతా మనోళ్ళే" అని పెడతారు. చర్చ అక్కడితో అయిపోతుంది. 2023లో నాకూ అదే జవాబు వచ్చింది, నేనూ అలాగే బ్యాగు సర్దేశాను. ఆ జవాబు తప్పని అనను గానీ అది సగమే. మిగతా సగం తెలియడానికి నాకు ఏడు నెలలు, ఒక జ్వరం, కొంత డబ్బు ఖర్చయ్యాయి. ఒక్కొక్కరికీ వాయిస్ నోట్లు పంపే ఓపిక లేక అంతా ఒకేచోట రాస్తున్నాను.

నా ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో. పీజీ మారతహళ్ళిలో, మన బ్యాచ్ వాళ్ళు ఆరుగురు ఉన్నారని. రెండింటి మధ్య సుమారు 20 కిలోమీటర్లు. మ్యాప్‌లో చూసి "ఇరవయ్యేగా" అనుకున్నా. మన కాలేజీ నుంచి టౌనుకి అంతకంటే ఎక్కువ దూరం కదా మరి! కానీ బెంగుళూరులో దూరాన్ని కిలోమీటర్లలో కొలవరు. ఔటర్ రింగ్ రోడ్డు మీద బెళ్ళందూరు, ఆ తర్వాత సిల్క్ బోర్డు జంక్షను, అక్కడ్నుంచి బొమ్మనహళ్ళి... వెళ్ళడానికి గంటన్నర, రావడానికి గంటన్నర. వర్షం పడిన సాయంత్రాలు లెక్కలోకి తీసుకోలేదు. రోజుకి 3 గంటలు, నెలకి 22 రోజులు, అంటే 66 గంటలు. నెలలో దాదాపు మూడు పగళ్ళూ మూడు రాత్రుళ్ళూ నేను బస్సులోనే ఉన్నానన్నమాట. ఆఫర్ లెటర్‌లో లొకేషన్ అని ఊరి పేరే రాస్తారు. హెచ్‌ఆర్‌కి మెయిలు పెట్టి ఏ క్యాంపస్సో కనుక్కున్నాకే ఇంటి గురించి ఆలోచించండి. నేను ఆ మెయిలు పెట్టలేదు.

అయినా మొదట్లో హాయిగానే ఉంది. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, కింద కర్రీ పాయింటు, కొత్త సినిమా మొదటి ఆటకి ఈలలు. టీ కొట్టు ఆయన కూడా "ఏ ఊరు బాబూ మనది?" అని తెలుగులోనే అడిగేవాడు. ఇల్లు వదిలొచ్చామన్న బెంగ రెండు నెలలు తెలియలేదు.

సెప్టెంబరులో జ్వరం వచ్చింది. మూడో రోజు రాత్రి 103. రూమ్మేట్లలో ఒకడు నైట్ షిఫ్టు, ఇంకొకడు ఊరెళ్ళాడు. పక్క రూము తలుపు కొడితే లేచారు, మంచివాళ్ళే, ఆటో కూడా పిలిచారు. కానీ "దగ్గర్లో మంచి డాక్టరెవరు?" అంటే అరవై మంది ఉన్న ఆ బిల్డింగులో ఒక్కరికీ తెలియదు. అందరూ నాలాగే మూడు నెలల కిందట దిగినవాళ్ళు. అందరం ఫోన్లు తీసి మ్యాప్‌లో స్టార్లు లెక్కపెట్టాం. అర్ధరాత్రి మెట్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చుని, చుట్టూ ఇంతమంది తెలుగువాళ్ళున్నా ఈ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరని మొదటిసారి అనిపించింది. డెంగీ కాదని రెండో రోజు రిపోర్టు వచ్చింది, అది వేరే సంగతి.

ఆ రాత్రి నాకు తట్టింది ఇదీ. "లోకల్స్‌తో కలవాలి" అంటే కన్నడం మాట్లాడేవాళ్ళతో స్నేహం చెయ్యాలని మాత్రమే కాదు. ఆ వీధిలో పదేళ్ళుగా ఉన్నవాళ్ళు నాకు కావాలి. ఏ డాక్టరు రాత్రి ఫోను ఎత్తుతాడో, ఏ షాపువాడు చిల్లర లేకపోతే "రేపివ్వు" అంటాడో తెలిసినవాళ్ళు. పీజీల వీధుల్లో అలాంటివాళ్ళు దొరకడం కష్టం. అక్కడ అందరూ వచ్చిపోయేవాళ్ళే. కాబట్టి ఎక్కడుండాలి అన్న ప్రశ్నలోనే ఎవరు పరిచయమవుతారు అన్నదీ ఉంది. ఇల్లు ఒకచోట తీసుకుని, మనుషుల కోసం శనివారాలు ఇంకెక్కడో తిరగడం నేనూ చేశాను. ఒకటి రెండు మీటప్‌ల తర్వాత ఎవరికైనా ఓపిక పోతుంది.

ఊరి మ్యాపు ఒకసారి

మన ఆఫీసులన్నీ ఊరి అంచుల్లో ఉన్నాయి. తూర్పున వైట్‌ఫీల్డ్, దక్షిణాన ఎలక్ట్రానిక్ సిటీ, ఉత్తరాన మాన్యత టెక్ పార్కు వైపు, మధ్యలో రింగ్ రోడ్డు పొడుగునా ఇంకొన్ని. తరాలుగా జనం కాపురమున్న పేటలు మాత్రం లోపల ఉన్నాయి. మల్లేశ్వరం, బసవనగుడి 19వ శతాబ్దం చివర్లో వేసినవి, 1898 ప్లేగు తర్వాత జనం పాత పేటలు వదిలి అటు వెళ్ళారు. జయనగర్ 1948లో మొదలైంది. చెట్లు, ఫుట్‌పాత్‌లు, పొద్దున్నే నడిచే తాతలు, మూల మీద నందిని పాల బూతు - ఇవన్నీ అక్కడే.

ఇదివరకు ఈ రెండిట్లో ఒకటే ఎంచుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు మెట్రో ఆ లెక్క మార్చింది. పర్పుల్ లైను 2023 అక్టోబరు నుంచి వైట్‌ఫీల్డ్ దాకా పూర్తిగా నడుస్తోంది. ఎల్లో లైను 2025 ఆగస్టులో మొదలైంది. జయనగర్ పక్కనే ఉన్న ఆర్‌వీ రోడ్డు నుంచి సిల్క్ బోర్డు, ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర వెళ్తుంది. నేను మారినప్పుడు ఇది లేదు, బస్సులోనే తిప్పలు పడ్డాను. మీకు ఆ అదృష్టం ఉంది. ఆఫీసుకి దగ్గరా కాదా అని కాక, ఆఫీసు ఉన్న మెట్రో లైను మీద ఏ పాత పేట ఉందో చూడండి. వైట్‌ఫీల్డ్ వాళ్ళకైతే అదే లైను మీద అటు చివర్న విజయనగర్ ఉంది. దూరమే, కానీ సీటు దొరికితే పుస్తకం చదువుకోవచ్చు. ఆఫీసు రింగ్ రోడ్డు మీద అయితే నా దగ్గర మంచి జవాబు లేదు. అక్కడ మెట్రో పనులు ఇంకా నడుస్తున్నాయి, అప్పటిదాకా నడిచి వెళ్ళే దూరంలో ఉండటమే నయం.

డబ్బు సంగతి

హైదరాబాదులో ఒకటి రెండు నెలల అడ్వాన్సు ఇచ్చి ఇంట్లో దిగిపోతాం. బెంగుళూరులో ఒకప్పుడు 10 నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం మామూలు. ఇప్పుడు తగ్గింది, చాలాచోట్ల బేరం నాలుగైదు నెలల దగ్గర ఆగుతోంది. అద్దె 12,000 అనుకోండి. ఐదు నెలల అడ్వాన్సు 60,000, మొదటి నెల అద్దె 12,000, బ్రోకరుకి ఇంకో నెల 12,000. మొత్తం 84,000, అదీ మొదటి జీతం పడకముందు. నాన్నకి ఫోను చేసే ముందు ఈ లెక్క వేసుకోండి. అందుకే మొదటి రెండు నెలలు పీజీలో దిగమనే చెప్తాను. మారతహళ్ళి అయినా సరే, బీటీఎం అయినా సరే. కాకపోతే దిగిన రోజే క్యాలెండర్‌లో ఖాళీ చేసే తారీఖు రాసుకోండి. రాసుకోకపోతే ఏడు నెలలవుతుంది.

పీజీ అడ్వాన్సు చిన్నదే, దాని షరతే పెద్దది. నెల ముందు చెప్పాలంటారు. నేను ఐదో తారీఖున చెప్పాను. ఒకటో తారీఖున చెబితేనే లెక్కట, మొత్తం పట్టుకున్నారు. రసీదు వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉంది, నేనే చదవలేదు. ఇంటి అడ్వాన్సులో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో సాధారణంగా ఒక నెల అద్దె కోస్తారు. ఎంతో ముందే అడిగి అగ్రిమెంటులో రాయించండి. దిగిన రోజు గోడలు, ట్యాపులు, స్విచ్చులు వీడియో తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపండి. ఇద్దరి దగ్గరా తారీఖుతో ఉంటుంది, తర్వాత మొహమాటం ఉండదు.

అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారో మనవాళ్ళలో చాలామందికి తెలియదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ తిరుగుడూ లేకుండా 11 దగ్గర ఆపేస్తారు. ఇంకో మాట, "మనె భోగ్యక్కె ఇదె" అన్న బోర్డు చూస్తే తొందరపడొద్దు. మన దగ్గర పొలాలు భోగ్యానికి ఇచ్చినట్టే, పెద్ద మొత్తం ఒకేసారి ఇచ్చి అద్దె లేకుండా ఉండి, చివర్లో మొత్తం వెనక్కి తీసుకోవడం. అసలు ఓనరు కాని మధ్యవాళ్ళు ఆ డబ్బు తీసుకుని మాయమైన కేసులు ఉన్నాయి. మొదటి ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి ఆ జోలి వద్దు. మీకు కావాల్సిన బోర్డు "బాడిగెగె ఇదె". సీమవాళ్ళకీ నెల్లూరువాళ్ళకీ చెప్పక్కర్లేదు, అది మన బాడుగే.

నీళ్ళు ఎక్కడివి?

ఇంటర్వ్యూలో డేటా స్ట్రక్చర్స్ ఎంతో, ఇల్లు చూడటంలో ఈ ప్రశ్న అంత. బెంగుళూరుకి పక్కన పెద్ద నది లేదు. కావేరి నీళ్ళని సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో ఎత్తుకి ఎక్కించి తెస్తారు. పాత పేటలకి ఆ పైపులున్నాయి. 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాల్లో చాలాకాలం అవి లేవు. బోర్లు, ట్యాంకర్లతోనే బతుకు. వాటికోసం తలపెట్టిన కావేరి ఐదో దశ 2024 అక్టోబరులో ప్రారంభమైంది, అయినా ప్రతి బిల్డింగుకీ కనెక్షను వచ్చిందని అనుకోవద్దు. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి, తాగే నీళ్ళతో కారు కడిగితే 5,000 జరిమానా అన్నారు. అప్పటికి నేను జయనగర్ వైపు మారి నెలైంది. మాకు రోజు విడిచి రోజు కావేరి వచ్చేది. మా పాత పీజీ వాళ్ళు ఆదివారం బకెట్లూ తువ్వాళ్ళూ పట్టుకుని మా రూముకి స్నానాలకి వచ్చేవాళ్ళు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఓనరునే కాదు, కింద ఇంటివాళ్ళని కూడా అడగండి: "కావేరి నీరు బరుత్తా?"

ఇల్లు దొరికిన కథ

యాప్‌లు వారం రోజులు చూశాను. తర్వాత ఒక శనివారం జయనగర్ 9వ బ్లాకు వీధుల్లో ఊరికే నడిచాను. పాత పేటల్లో చాలా ఇళ్ళు యాప్‌లోకి రావు. గేటుకి బోర్డు కడతారు, లేకపోతే ఇస్త్రీ బండి ఆయనకి చెప్పి ఊరుకుంటారు. నాకు ఆయనే చెప్పాడు. మేడ మీద ఒక గది, వంటిల్లు. ఓనరు లేరు, వాళ్ళమ్మగారు ఉన్నారు, డెబ్భై దాటిన అజ్జి. నేను నెట్‌లో నేర్చుకున్న కన్నడంలో వినయంగా అడిగాను: "మనేలి హాలు ఇదెయా?" ఆవిడ నన్ను పైకీ కిందకీ చూసి, మూల మీద నందిని బూతు వైపు చెయ్యి చూపించారు. కన్నడంలో హాలు అంటే పాలు. ఇల్లు అద్దెకి అడగాల్సినవాణ్ణి పాలు అడిగాను. విషయం అర్థమయ్యాక ఆవిడ నవ్వింది చూడండి, ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా నన్ను పిలిచి ఆ కథ చెప్పిస్తారు.

ఆ పొరపాటు వల్లే ఒక మంచి సూత్రం దొరికింది. పాత కన్నడంలో మాట మొదట 'ప' ఉన్నచోట్ల తర్వాతి కాలంలో 'హ' అయింది. మనం 'ప' అలాగే ఉంచుకున్నాం. కాబట్టి పాలు - హాలు, పులి - హులి, పండు - హణ్ణు, పాము - హావు, పంది - హంది, పువ్వు - హూవు, పొగ - హొగె. అన్నిటికీ పనిచెయ్యదు, పెరుగుని 'హెరుగు' అంటే ఎవరికీ అర్థం కాదు, అది మొసరు. అయినా మొదటి నెలలో బోలెడు మాటలు ఉచితంగా వచ్చినట్టే. లిపి సంగతి చెప్పక్కర్లేదు, రెండూ ఒకే పాత లిపి నుంచి వచ్చినవి. క, త, శ లాంటి కొన్ని అక్షరాలు పట్టుకుంటే వారంలో బస్సు బోర్డు చదివేస్తారు. తెలుగు క్లబ్బు వాళ్ళం, ఇంత దగ్గరి భాష చదవకుండా ఎలా ఉంటాం?

ఉంటాం, అదే సమస్య. బెంగుళూరులో తెలుగు చాలామందికి అర్థమవుతుంది. ఆటో ఆయనకీ, కూరగాయల ఆవిడకీ. కన్నడం రాకపోయినా ఏ పనీ ఆగదు. ఆర్నెల్లు నేను అది సౌకర్యం అనుకున్నాను. ఒక సాయంత్రం ఓనరు కాఫీ ఇచ్చి మెల్లగా అడిగారు: "మేము మీ గుంటూరు వచ్చి ఆరు నెలలు కన్నడలోనే మాట్లాడితే మీరేమనుకుంటారు?" కోపం లేదు ఆ మాటలో. నాకు జవాబు రాలేదు. అసలు తమాషా ఏమిటంటే ఆయన ఆ మాట అడిగింది తెలుగులోనే. వాళ్ళింట్లో తరాలుగా తెలుగే మాట్లాడతారు. అది మన సినిమా తెలుగు కాదు, సగం క్రియలు కన్నడంలా ఒంగిపోయిన తెలుగు. అలాంటి కుటుంబాలు ఆ ఊళ్ళో చాలా ఉన్నాయి. "మీరు తెలుగువాళ్ళా?" అంటే "ఇంట్లో తెలుగు, మేము కన్నడిగులం" అంటారు. 'మనోళ్ళు', 'లోకల్స్' అని నేను గీసుకున్న గీత ఆ కాఫీ కప్పు దగ్గరే చెరిగిపోయింది.

ఆ తర్వాత ఒక మాట బట్టీ పట్టాను: "కన్నడ కలీతా ఇద్దీని", నేర్చుకుంటున్నాను అని. తప్పులు మాట్లాడటానికి ఇది లైసెన్సు. పొద్దున "తిండి ఆయ్తా?", మధ్యాహ్నం "ఊట ఆయ్తా?" తేడా గమనించండి, అక్కడ తిండి అంటే టిఫిను. పొద్దున్నే ఎవరైనా అలా అడిగితే "అన్నం తినే వేళా ఇది?" అని ఆశ్చర్యపోకండి.

మనుషులు ఎక్కడ దొరికారంటే చెప్పుకోదగ్గ సాహసాలేం లేవు. రోజూ ఒకే దర్శినిలో నిలబడి కాఫీ తాగడం. అక్కడ 'బై టూ' అంటే ఒక కాఫీ రెండు కప్పుల్లో పోసిస్తారు. ఒంటరిగా వచ్చేవాడికి పక్కన నిలబడ్డాయన "బై టూ తగోళోణా?" అన్నాడంటే పరిచయం మొదలైనట్టే. నాకలా పరిచయమైన రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు గారు కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో జరిగే కడలెకాయి పరిషెకి తీసుకెళ్ళారు. వీధంతా వేరుశనక్కాయల గుట్టలు. నవంబరు ఒకటిన మా ఆటో స్టాండులో రాజ్యోత్సవ జెండా ఎత్తుతుంటే అజ్జి నన్ను ముందుకి తోసి బ్యానరు చదవమన్నారు. తడుముకుంటూ చదివాను, చప్పట్లు కొట్టారు. 1956లో అదే రోజున ఆంధ్రప్రదేశ్ కూడా ఏర్పడిందంటే వాళ్ళలో సగం మందికి తెలియదు. మన గ్రూపులో ఎంతమందికి తెలుసో మరి.

ఇదంతా అందరికీ ఇలాగే జరుగుతుందని చెబితే అబద్ధమవుతుంది. నా క్లాస్‌మేట్ ఒకడికి అదే జయనగర్‌లో మూడు ఇళ్ళు దొరకలేదు. ఇంటి పేరు అడిగారు, మాంసం తింటావా అని అడిగారు, ఫోను చేస్తామన్నారు, చెయ్యలేదు. వాడు మళ్ళీ మారతహళ్ళి పీజీకే వెళ్ళాడు, ఆ పీజీలో ఎవరూ ఏమీ అడగరు. కాబట్టి పీజీలో ఉండేవాళ్ళని "బద్ధకం, మనోళ్ళని వదలరు" అని వెక్కిరించడం నేను మానేశాను. అమ్మాయిల లెక్క కూడా వేరు. మా టీమ్ అమ్మాయి ఇల్లు చూడ్డానికి రాత్రి తొమ్మిదిన్నరకే వెళ్ళేది. స్టేషను నుంచి గేటు దాకా లైట్లున్నాయా, ఆ వేళకి ఎన్ని షాపులు తెరిచున్నాయి, గేటు ఎన్నింటికి వేస్తారు - ఇవి పగలు కనిపించవు. ఆ పద్ధతి అబ్బాయిలకీ పనికొస్తుంది.

మారతహళ్ళి పూర్తిగా వదిలేశానా అని అడుగుతారు. లేదు. నెలకో ఆదివారం వెళ్తాను, గోంగూర మటన్ కోసం. వచ్చేటప్పుడు అజ్జికి ఆవకాయ తెస్తాను, ఆవిడ ఖారా ఎక్కువ అంటూనే సీసా ఖాళీ చేస్తారు.

చివరగా, మా వీధిలో వచ్చే నెల ఒక సింగిల్ రూము ఖాళీ అవుతోంది. కావేరి నీళ్ళే. అడ్వాన్సు ఐదు నెలలు అంటున్నారు, నాలుగుకి దిగుతారు. భోజనం గురించి అడిగాను, అభ్యంతరం లేదన్నారు. ఆర్‌వీ రోడ్డు స్టేషనుకి ఆటోలో పది నిమిషాలు. కావాల్సినవాళ్ళు గ్రూపులో కాకుండా నాకు విడిగా మెసేజ్ పెట్టండి. హాలు మాత్రం లేదు.